మూర్ఛరోగము – దాంపత్యధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

రజతోత్సవ సభలలో గ్రంథమహిమను గూర్చియు, విద్యాదానమును గూర్చియు ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగ విషయము మాత్రము ఒక వ్యాధి. అది గల యింటివారు దాని పేరెత్తుటకు జంకుదురు. లేని యింటివారు దానిని గూర్చి వినుటకు జంకుదురు. అందుచేతనే అది నలుగురి నడుమ చెప్పుకొనదగిన విషయమైనది.

ఆ వ్యాధి మూర్ఛరోగము. నేడు జనులు దానిని ఫిట్సు అందురు. వెనుకటివారు కాకిసొమ్మ యనిరి. వైద్యశాస్త్రకారులు అపస్మారమనిరి. స్మారమనగా స్మృతి, అది తొలగిపోవుటయే అపస్మారము. ఈ ఒక్క పేరులో రోగి కష్టమంతయు నిమిడియున్నది. కాలు విరిగినవానికి తాను పడిన తీరు తెలియును. జ్వరము వచ్చినవాడు తన బాధను తానే చెప్పుకొనగలడు. స్మృతి తప్పి పడినవాడు కన్నులు తెరచునప్పటికి చుట్టును జనము, పెదవిపై రక్తము, తడిసిన వస్త్రము కానవచ్చును. నడుమ జరిగినదేమో యెరుగడు. ఆ రెండు మూడు నిమిషములు అతని బ్రదుకులోనివే యైనను అతనికి దక్కనివి. వానిని కన్నులార చూచినవారు పెక్కు గృహములలో భార్యయో, భర్తయో. కావున ఈ వ్యాధియందు జీవిత భాగస్వామి సేవ చేయు మనిషి మాత్రమే గాదు. రోగి పోగొట్టుకొన్న స్మృతికి సాక్షి. ఆ సాక్ష్యమును ఎట్లు నిలుపవలెను, దానివలన రోగికి ఏమి మేలు కలుగును అనునదియే ఈ ప్రసంగ సారము.

మొదట వ్యాధి స్వరూపమును తెలిసికొనవలెను. మన మెదడులోని కోట్లకొలది కణములు అతి సూక్ష్మమైన విద్యుత్తుచే ఒకదానికొకటి కబురు పంపుకొనుచుండును. ఆ విద్యుత్తు ఒక్కమారుగా కట్టు తప్పి ఉప్పొంగినచో శరీరము కొయ్యబారి, కాలుసేతులు కొట్టుకొని, తెలివి తప్పును. మానవ మస్తిష్కమందలి ఈ విద్యుత్తును 1924లో మొదట నమోదు చేసి, 1929లో లోకమునకు వెల్లడించినవాడు హాన్స్ బెర్గర్ అను జర్మను వైద్యుడు. నేడు ఆసుపత్రులలో తలకు తీగలు తగిలించి చేయు ఈ.ఈ.జి. పరీక్ష దానినుండి పుట్టినదే. కావున ఇది గాలి గాదు, చేతబడి గాదు, పూర్వజన్మ పాపము గాదు. అంటువ్యాధియు గాదు, రోగిని తాకుటవలనను, వాని యెంగిలివలనను రాదు. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర వెలసిన వైద్యగ్రంథములలో ఒకటి, జనులు దైవరోగమని పిలుచు ఈ వ్యాధి తక్కిన రోగములకంటె దైవికమైనది గాదనియు, దీని పుట్టుక మెదడులోనే యనియు సుమారు 2400 సంవత్సరముల క్రిందటనే వాదించినది.

కారణములు పెక్కు. ప్రసవ సమయమున బిడ్డకు ప్రాణవాయువు చాలకపోవుట, తలకు దెబ్బ, మెదడువాపు, పక్షవాతము వీనిలో కొన్ని. మన దేశమున మరియొక ముఖ్య కారణము కలదు. పందిమాంసమువలన మనుష్యుని ప్రేగులలో పెరుగు బద్దెపురుగు గ్రుడ్లు మలముతో వెలువడి, నీటిలోనికిని కూరగాయల మీదికిని చేరును. వానిని మ్రింగినవారి మెదడులో పురుగు పిల్లలు తిత్తులు కట్టి మూర్ఛలు పుట్టించును. పందిమాంసము ముట్టని శాకాహారులకును ఇది వచ్చుట ఇందువలననే. మరుగుదొడ్డి వాడుట, చేతులు కడుగుకొనుట, పచ్చికూరలు కడిగి తినుట అను సామాన్య విషయములు మూర్ఛరోగ నివారణలో భాగములే. పెక్కుమందికి ఏ కారణమును కానరాదు. ప్రపంచమున సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి కలదనియు, సరియైన చికిత్స లభించినచో వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

మూర్ఛ యనగా నేలబడి కొట్టుకొనుట యొక్కటియే గాదు. భార్య యేదో అడుగుచుండగా భర్త బదులీయక శూన్యములోనికి చూచుచు, పెదవులు చప్పరించుచు, అంగీ గుండీలు తడుముకొనుచు ఒకటి రెండు నిమిషములుండి, పిమ్మట ఏమియు నెరుగనివానివలె మరల పనిలో పడవచ్చును. ఆమె దానిని నిర్లక్ష్యమనుకొని నొచ్చుకొనును. కోడలు చేతిలోని చెంబు జారవిడిచి నిలువబడినచో అత్త దానిని పొగరనుకొనును. ఇట్టివియు మూర్ఛలే కావచ్చును. పేరు తెలియని వ్యాధి సంసారములో కలహమై మిగులును. పేరు తెలిసినచో చికిత్సకు దారి యేర్పడును.

ఇక మూర్ఛ వచ్చినవేళ చేయవలసిన దేమి? చేయవలసినవి కొన్ని మాత్రమే, చేయకూడనివే యెక్కువ. మొదట గడియారము చూడవలెను. భయపడినవారికి ఒక నిమిషము పది నిమిషములవలె తోచును గనుక కాలము కొలుచుట ముఖ్యము. చుట్టుప్రక్కల నున్న రాళ్లు, కత్తి, కొడవలి, వేడిపాత్రలు తొలగింపవలెను. తల క్రింద మడచిన తువాలు ఉంచవలెను. మెడ యొద్ద గుండీలు సడలింపవలెను. కొట్టుకొనుట తగ్గగానే, వీలైనచో అంతకు ముందే, ప్రక్కకు ఒత్తిగిలునట్లు త్రిప్పవలెను. అట్లైన నోటి చొంగ బయటికి కారిపోయి ఊపిరి ఆడును. కాలుసేతులను బలిమితో అదిమి పట్టరాదు. నోటిలో చెంచాగాని, గుడ్డగాని, వ్రేలుగాని పెట్టరాదు. మనుష్యుడు తన నాలుకను మ్రింగుట యనునది జరుగదు. బలవంతముగా నోరు తెరచుటవలన పండ్లు విరుగుట మాత్రము జరుగును. పూర్తిగా తెలివి వచ్చి, అడిగినదానికి సరిగా బదులు చెప్పువరకు నీరైనను త్రాగింపరాదు.

చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టుట, చెప్పు వాసన చూపుట, ఉల్లిగడ్డ చిదిమి ముక్కునొద్ద నుంచుట మన వీధులలో నేటికిని కలదు. పెక్కు మూర్ఛలు రెండు మూడు నిమిషములలో తమంత తామే ఆగిపోవును. ఇనుము తెచ్చువారు ఇల్లంతయు వెదకి తెచ్చి చేతిలో పెట్టునప్పటికి ఆ కాలము గడచియుండును. ఆగినది మూర్ఛ, కీర్తి దక్కినది తాళపుచెవికి. దానివలన ఇనుప అంచు చేతికి గ్రుచ్చుకొనుట తప్ప ప్రయోజనము లేదు.

మూర్ఛ 5 నిమిషములకు మించినను, ఒకటి ఆగి తెలివి రాకముందే మరియొకటి వచ్చినను, నీటిలో వచ్చినను, తలకు గాయమైనను, గర్భిణీ స్త్రీకి వచ్చినను, జన్మలో మొదటిసారి వచ్చినను ఆలస్యము చేయరాదు. 2005 ఆగష్టు 15న మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనమును వెంటనే పిలువవలెను. తరచు దీర్ఘమైన మూర్ఛలు వచ్చువారికి ముక్కులో కొట్టు మిడజోలము మందును వైద్యులు వ్రాసియిత్తురు. దానిని వాడు విధమును భార్యాభర్తలు ముందుగనే నేర్చియుంచుకొనవలెను.

మూర్ఛ ఆగిన పిమ్మట మొదలగునది అసలైన తోడు. అప్పుడు రోగి అలసటచే నిద్రపోవును, లేదా దిక్కుతోచక లేచి నడువబోవును. నెమ్మదిగా పేరుపెట్టి పిలిచి, "ఇంటిలోనే యున్నావు, నేను ఇక్కడనే యున్నాను" అని చెప్పవలెను. వస్త్రము తడిసినచో కప్పవలెను. గుమికూడినవారిని పంపివేయవలెను. తనకు తెలియకుండ తాను పదిమందికి వింతయైతినను సిగ్గు రోగిని మూర్ఛకంటె ఎక్కువగా బాధించును. ఆ సిగ్గునకు అడ్డు నిలుచుట భాగస్వామికి తగిన పని.

పిమ్మట చేయవలసినది వ్రాత. వైద్యుని యెదుటికి రోగి పోవునది తెలివితో నున్నప్పుడే. మూర్ఛను వైద్యుడు చూచుట అరుదు. ఈ.ఈ.జి. పరీక్ష సరిగా నున్నంతమాత్రమున రోగము లేదని చెప్పుటకు వీలులేదు. కావున రోగ నిర్ణయము ప్రధానముగా చూచినవారి మాటపై ఆధారపడును. పొలమునకు పోక ఇంట కూర్చుండి అడంగలు వ్రాసినచో లెక్క యెట్లుండునో, సాక్షి లేని మూర్ఛకు చికిత్సయు నట్లేయుండును. ఇంటిలో ఒక చిన్న నోటుపుస్తకము పెట్టవలెను. అందులో తేదీ, గంట, మూర్ఛ నిలిచిన నిమిషములు వ్రాయవలెను. ముందుగా ఏ చేయి వణికినది, తల యే ప్రక్కకు తిరిగినది, కన్నులు తెరచియున్నవా మూసియున్నవా, నాలుక కరచుకొన్నాడా, ఎంతసేపటికి తన పేరు చెప్పగలిగినాడు అనునవి వ్రాయవలెను. ముందురోజు నిద్ర యెంత, మాత్ర తప్పినదా, జ్వరమున్నదా, మద్యము సేవించెనా, స్త్రీయైనచో నెలసరి దినములా అనునవియు చేర్చవలెను. చేతులు ఖాళీగానున్నవారు మరియొకరున్నచో సెల్‌ఫోనులో ఆ దృశ్యమును తీయవచ్చును. అది వైద్యునికి చూపుటకే గాని వీధిలో చూపుటకు గాదు. అక్షరము రాని ఇల్లాలు క్యాలెండరుపై ఆ దినమునకు సున్న చుట్టినను మేలే. మూడు నెలల సున్నలను చూచి మాత్ర పెంపవలెనో, మార్పవలెనో వైద్యుడు నిర్ణయింపగలడు.

ఇట్టి వ్రాతకు గ్రంథాలయ పాఠకులు ఎరుగదగిన ఉదాహరణ మొకటి రష్యా దేశమున కలదు. "నేరము – శిక్ష" నవలాకర్త దోస్తయేవ్‌స్కీ మూర్ఛరోగి. 1866 అక్టోబరులో "జూదరి" అను నవలను గడువులోగా ముగింపవలసివచ్చి, చెప్పినది చెప్పినట్లు లఘులిపిలో వ్రాయుటకు అన్నా గ్రిగోర్యెవ్నా అను యువతిని పెట్టుకొనెను. 1867 ఫిబ్రవరిలో వారికి వివాహమైనది. ఆయనకు 45 సంవత్సరములు, ఆమెకు 20. పెండ్లియైన కొలది దినములకే, ఆమె సోదరి యింట మాటలాడుచుండగా ఆయనకు తీవ్రమైన మూర్ఛ వచ్చెను. సోదరి కెవ్వున అరచి పారిపోయినది. అన్నా భుజములు పట్టి, నేలపైకి దింపి, తల దెబ్బతినకుండ తన యొడిలో నుంచుకొని కూర్చున్నది. ఆ యేడే విదేశములలో నుండగా ఆమె లఘులిపిలో వ్రాసికొన్న దినచర్యయందు భర్తకు వచ్చిన మూర్ఛలును నమోదైనవి. ఆయనయు తన మూర్ఛల తేదీలను పుస్తకములలో వ్రాసికొనుచుండెను. నమ్మదగిన మందు లేని కాలమది. 1878లో మూడేండ్లైనను నిండని వారి కుమారుడు అల్యోషా మూర్ఛ వచ్చియే మరణించెను. అయినను 1873 నుండి ఆమె భర్త గ్రంథములను తానే ప్రచురించుచు, అప్పుల లెక్కలు చూచుచు, 1881లో ఆయన మరణించు వరకు ఆ సంసారమును నడపినది. ఆమె ఆయనకు రోగము మాన్పలేదు. మాన్పుట ఎవరి చేతను గాదు. ఆయనకు తెలియని గడియలను తాను తెలిసికొని, వెరువక, వ్రాసియుంచినది. నేటి గృహిణికిగాని గృహస్థునికిగాని ఆమెకు లేని ఔషధములు గూడ కలవు.

ఆ ఔషధముల మాటకు ముందు మన ప్రాచీన వైద్యము చెప్పిన రక్షణను గూర్చి చెప్పవలెను. చరకసంహిత చికిత్సాస్థానమున పదియవ అధ్యాయము అపస్మార చికిత్స. అందు ఔషధములెన్నియో చెప్పి, అపస్మార రోగిని ఎల్లప్పుడును నీటినుండియు, నిప్పునుండియు, చెట్లనుండియు, కొండలనుండియు, ఎగుడుదిగుడు నేలలనుండియు కాపాడవలెనని హెచ్చరిక చేయబడినది; అవి తక్షణము ప్రాణము తీయునని కారణమును చెప్పబడినది. మూర్ఛవలన కలుగు మరణములలో పెక్కు మూర్ఛ తెచ్చిన పాటువలన కలుగునవే గనుక ఈ మాట నేటికిని సత్యము. ఈ యైదింటిని మన యర్రగొండపాలెము ప్రాంతమునకు అన్వయించి చూతము.

మొదటిది నీరు. చెరువులోగాని, బావిలోగాని, బోరు తొట్టిలోగాని ఒంటరిగా దిగరాదు. స్నానము కూర్చుండి చెంబుతో చేయవలెను. తలుపు దగ్గరగా వేయవచ్చును గాని గడియ బిగింపరాదు. రెండవది నిప్పు. రోగి ఇల్లాలైనచో నేలమీది కట్టెలపొయ్యి ప్రమాదము. గ్యాసుపొయ్యియైనను వెనుక ప్రక్కనున్న పొయ్యిపై వండుట, గంజి వార్చు పని భర్త చేయుట మేలు. భర్త వంటింట అడుగుపెట్టుట చిన్నతనమని తలచువారు కాలిన చేతిని ఒక్కమారు చూచినచో ఆ తలపు మానుదురు. మూడవది చెట్టు. చింతకాయ దులుపుటకు ఈ రోగమున్నవాడు కొమ్మ నెక్కరాదు. క్రింద ఏరుకొను పని చేయవచ్చును. నాల్గవది కొండ. నల్లమల చరియలలో మేకలను మేపబోవువాడు ఒంటరిగా పోక జతగానిని వెంటబెట్టుకొని పోవలెను; ఆ జతగానికి విషయము తెలిసియుండవలెను. ఐదవది ఎగుడుదిగుడు నేల. వేసవిలో పిట్టగోడ లేని మిద్దెపై పండుకొనుట మనకు వాడుక. రోగికి అది తగదు. వామి యెక్కుటయు, నిచ్చెన యెక్కుటయు తగదు. చరకుని కాలమున లేని ఆరవ ప్రమాదమును మనమే చేర్చుకొనవలెను. అది మోటారుసైకిలు, ట్రాక్టరు. వాహనము నడుపు అనుమతికై ఇచ్చు దరఖాస్తుతో సమర్పించు ఆరోగ్య ప్రకటనలో మూర్ఛరోగమును గూర్చిన ప్రశ్న కలదు. దానికి అబద్ధము వ్రాసినవాడు తన ప్రాణమునేగాక దారిన పోవువాని ప్రాణమును గూడ పణముగా పెట్టుచున్నాడు.

అయితే రక్షించుట వేరు, బంధించుట వేరు. పొలమునకు పోనీయక, పెండ్లికి రానీయక, మూల గదిలో కూర్చుండబెట్టుట రక్షణ గాదు. మిరపకోతకును, ప్రత్తి తీతకును, అంగడి లెక్కలకును, బడిలో పాఠము చెప్పుటకును ఈ రోగము సాధారణముగా అడ్డురాదు. జతగా చేయు పనులన్నియు చేయవచ్చును.

ఇక ఔషధములు. 1912లో ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మాన్ అను జర్మను వైద్యుడు ఫినోబార్బిటాలు మూర్ఛలను అణచునని కనుగొనెను. 1938లో అమెరికాలో మెరిట్, పుట్నమ్ అను వైద్యులు ఫెనిటాయిన్ గుణమును వెల్లడించిరి. తరువాత కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసిటమ్ మొదలగునవి వచ్చినవి. ఏది యెవరికి తగునో నిర్ణయించువాడు వైద్యుడే. ఇంటివారు చేయవలసినది ఒక్కటి: ప్రతిదినమును వేళ తప్పక మాత్ర వేయించుట. ఆరు నెలలు మూర్ఛ రాలేదని, రోగము పోయినదనుకొని మానివేయువారు పెక్కుమంది. మూర్ఛ రాకుండుటకు కారణము ఆ మాత్రయే. హఠాత్తుగా మానినచో ఆగని మూర్ఛలు వచ్చి ప్రాణముమీదికి రావచ్చును. సాధారణముగా కనీసము రెండు సంవత్సరములు మూర్ఛ లేకుండ గడచిన తరువాతనే వైద్యుడు మాత్రలు క్రమముగా తగ్గించు విషయమును ఆలోచించును. మాత్రలు అయిపోవుటకు రెండు వారములు ముందుగనే తెచ్చియుంచవలెను. వాగు పొంగినదనియు, బస్సు లేదనియు రోగము ఆగదు. క్రొత్త మాత్ర మొదలుపెట్టినపుడు ఒంటిపై దద్దుర్లు లేచినచో వెంటనే వైద్యునికి చూపవలెను. పసరు పోయువారి మాట విని మాత్రలను పారవేయుట మిక్కిలి ప్రమాదకరము.

నిద్రలేమి మూర్ఛను పిలుచును. శివరాత్రికి మన ప్రాంతమువారు త్రిపురాంతకమునకును, దోర్నాల మీదుగా శ్రీశైలమునకును పోయి ఉపవాసముండి జాగరణ చేయుట కలదు. రోగియైనవాడు స్వామిని పగటిపూట దర్శించి, మాత్రను నీటితో మ్రింగి, రాత్రి నిద్రింపవలెను. ఇంటిలో ఒకరు జాగరణ చేసి, ఆ పుణ్యమును రోగికి ధారపోసినచో భక్తికి లోపము రాదు. రాత్రి నాటకములును, మద్యమును ఇట్లే వర్జ్యములు.

రోగి స్త్రీయైనచో గర్భధారణకు ముందే వైద్యుని సలహా పొందవలెను. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. దానిని ముందుగనే మార్పవలసియుండును. ఫోలిక్ ఆమ్లము మాత్రలు ముందునుండియే వాడవలెను. గర్భము నిలిచినదని తెలిసి, భయముతో తనంత తానుగా మందు మానుట తల్లికిని బిడ్డకును ప్రమాదము. ఈ రోగము గల తల్లులలో అధికసంఖ్యాకులు ఆరోగ్యవంతులైన బిడ్డలనే కనుచున్నారు. తండ్రికిగాని తల్లికిగాని రోగమున్నచో బిడ్డకు తప్పక వచ్చునను మాట సత్యము గాదు.

ఇక వివాహ విషయము. 1955 హిందూ వివాహ చట్టమునకు 1976లో చేసిన సవరణ, తరచు మూర్ఛలు వచ్చుటను వివాహమునకు అనర్హతలలో చేర్చినది. అట్టి వివాహమును రద్దుచేయుమని కోర్టుకు పోవుటకు దానివలన దారి యేర్పడెను. మతిభ్రమణముతోపాటు ఒకే వాక్యమున మూర్ఛరోగమును చేర్చుటచే, అది పిచ్చియే యను అపోహకు చట్టము ముద్రవేసినట్లయ్యెను. ఇరువదిమూడేండ్ల తరువాత 1999లో పార్లమెంటు మరల సవరణ చేసి, ఆ చట్టమునుండియు, 1954 ప్రత్యేక వివాహ చట్టమునుండియు మూర్ఛరోగమను మాటను తొలగించినది. కావున నేడు మూర్ఛరోగి వివాహమాడుటకు చట్టమున అడ్డంకి లేదు.

చట్టము మారినంత త్వరగా పెండ్లిచూపులు మారలేదు. ఆడపిల్లకు మూర్ఛలున్నవని తెలిసినచో సంబంధము తప్పిపోవునని తలిదండ్రులు దాచుదురు. పెండ్లియైన పిమ్మట ఆమె అత్తవారింట మాత్రలను బియ్యపు డబ్బాలో దాచుకొని, దొంగచాటుగా మ్రింగుచు, ఒక్కొక్క దినము తప్పించుచు, ఆ తప్పించిన దినముననే అందరి యెదుట పడిపోవును. అప్పుడు రోగము గాక మోసము చర్చకు వచ్చును. ముఖ్య విషయమును దాచి చేసిన వివాహమును గూర్చి అదే చట్టమున వేరొక నిబంధన కలదని గూడ తలిదండ్రులు తెలిసికొనవలెను. ముందే చెప్పినచో రెండు సంబంధములు తప్పిపోవచ్చును, మూడవది నిలుచును. ఆ వచ్చువాడు ఆమె మాత్ర వేళను గుర్తుపెట్టుకొనువాడై వచ్చును. వరునికి రోగమున్నప్పుడును న్యాయమిదియే. భార్యకు మూర్ఛ వచ్చినచో పుట్టింటికి పంపుటయు, భర్తకు వచ్చినచో భార్యను సేవ చేయుమనుటయు ధర్మము గాదు. సహధర్మచారిణి యను మాటలో సహ శబ్దము ఇరువురికిని చెందును.

తోడున్నవారి బాధ గూడ చెప్పదగినదే. మూర్ఛరోగి ప్రక్కన పండుకొన్న ఇల్లాలు ఒక చెవితోనే నిద్రించును. గిన్నె క్రింద పడిన చప్పుడైనను ఉలికిపడును. భర్త రాక ఆలస్యమైనచో మనస్సు చెరువుగట్టుకు పోవును. కొన్నియెడల విసుగును, కోపమును గూడ వచ్చును. అది మనుష్య స్వభావము, పాపము గాదు. ఈ భారము నొక్కరే మోయరాదు. ఇంటిలో మరి యిద్దరికి, పొలము జతగానికి, బడిపిల్లలకు గూడ మూర్ఛ వచ్చినవేళ ఏమి చేయవలెనో నేర్పవలెను. నేర్చినవారు నలుగురున్నచో ఇల్లాలు ఒక పూట పుట్టింటికి పోయి నిశ్చింతగా నిద్రింపగలదు. రోగి దిగులుతో మాటలాడుట మానినచో దానిని గూడ వైద్యునికి చెప్పవలెను. దిగులు ఈ రోగమునకు తరచుగా తోడు వచ్చునది, దానికిని చికిత్స కలదు.

నటరాజ విగ్రహమును చూచినవారు ఆయన పాదము క్రింద పొట్టిరూపమున నొకనిని చూచియుందురు. వాని పేరు అపస్మారుడు. అజ్ఞానమునకు వాడు సంకేతమని పెద్దలు చెప్పుదురు. స్వామి వానిని చంపడు. పాదముచే అణచియుంచి తాండవము సాగించును. మూర్ఛరోగమును వేరంట పెరికివేయుట కొందరికే సాధ్యమగును. ప్రతిదినపు మాత్రయను పాదముచే అణచియుంచి సంసారమును సాగించుట పెక్కుమందికి సాధ్యమైనదే. అజ్ఞానమును అణచు పని మాత్రము గ్రంథాలయమునకు చెందినది.

మన దేశమున నవంబరు 17ను జాతీయ మూర్ఛరోగ దినముగా పాటించుచున్నారు. ఆనాడైనను గ్రంథాలయ పఠనమందిరమున ఒక గంటసేపు ఈ విషయమును చదివి వినిపింపవలెను. మూర్ఛ వచ్చినవేళ చేయవలసిన, చేయకూడని పనులను పెద్ద అక్షరములతో ఒక అట్టపై వ్రాసి, దినపత్రికల బల్ల పైగోడకు తగిలింపవలెను. దాని క్రింద 108 అను సంఖ్య ఉండవలెను. ప్రక్కన ఒక మేకునకు దారముకట్టిన చిన్న నోటుపుస్తకములు కొన్ని వ్రేలాడదీసి, కావలసిన యింటివారు అడుగకయే తీసికొనిపోవుటకు వీలు కల్పింపవలెను. అడుగుటకు సిగ్గుపడువారు మన ఊరిలో నున్నంతకాలము ఆ వెసులుబాటు అవసరము.